బెంచీమీద గడిచిన సంవత్సరములు



పత్రికలో ఆటగాళ్ళ ఫోటో పడినప్పుడు మనము గెలిచినవారినే చూస్తాము. గోల్ కొట్టినవారు, పతకము మెడలో వేసుకొని నవ్వుతున్నవారు ముందుగా మన కంటబడతారు. వెనుక వరుసలో అదే రంగు బట్టలు వేసుకొని, ఆ రోజు ఒక్క నిమిషమైనా మైదానములో దిగని మనిషి కూడ నిలబడి ఉంటుంది. ఆ మనిషిని గూర్చి ఈ నెల మీతో మాట్లాడాలని ఉన్నది. ఎందుకంటే మన ఇండ్లలోను అటువంటివారు ఉన్నారు. వారితో మనము ఎట్లు మాట్లాడుతున్నామో ఒకసారి ఆలోచించుకోవాలి.

మన ప్రాంతపు ఆడబిడ్డ

మన నెల్లూరికి దక్షిణముగా, తిరుపతి దాటిన తరువాత ఎర్రావారిపాళెం మండలము వస్తుంది. అంతకుముందు చిత్తూరు జిల్లాలో ఉండి, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరినది. ఆ మండలములోని యనమలవారిపల్లెలో 1990 జూన్ 9న ఒక వడ్రంగి ఇంట రజని పుట్టారు. హాకీ జట్టు జాబితాలలో ఇ. రజని అని వ్రాస్తారు. భారత మహిళల హాకీ జట్టులో ఆమె గోల్‌కీపరుగా ఆడారు. ఉత్తరాది రాష్ట్రముల అమ్మాయిలతోను, ఒరిస్సా, జార్ఖండ్, మణిపూర్ అమ్మాయిలతోను నిండి ఉండే ఆ జట్టులో తెలుగు మాట్లాడే కొద్దిమంది అమ్మాయిలలో ఆమె ఒకరు.

ఆమె సాధించినవి తక్కువేమీ కాదు. 2017లో జపానులో ఆసియా కప్పు గెలిచిన జట్టులో ఆమె ఉన్నారు. 2018లో జకార్తా ఆసియా క్రీడలలో వెండి పతకము తెచ్చిన జట్టులో ఉన్నారు. 2022 జనవరిలో మస్కట్‌లో ఆసియా కప్పు కంచు పతకము, అదే సంవత్సరము ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడలలో కంచు పతకము గెలిచిన జట్లలోను ఉన్నారు. అయితే ఈ వరుసలో "ఉన్నారు" అనే మాటను గమనించండి. ఆ పోటీలలో గోల్ ముందు నిలబడే మొదటి బాధ్యత హర్యానాకు చెందిన సవితా పూనియాది. రజని రెండవ గోల్‌కీపరు.

సవిత కూడ 1990లోనే పుట్టారు. ఇద్దరిదీ ఒకే వయస్సు, ఒకే పని, ఒకే కాలము. సవిత ప్రపంచములోనే ఉత్తమ మహిళా గోల్‌కీపరుగా 2021 నుండి 2023 వరకు వరుసగా మూడుసార్లు ఎన్నికయ్యారు. అటువంటి మనిషి ముందు వరుసలో ఉంటే, వెనుక వరుసలోని మనిషి ఎంత మంచిదైనను ఆమెకు తలుపు తెరుచుకోవడము ఎంత కష్టమో మీరే ఊహించండి.

ఒక్కరికే చోటు ఉన్న పని

ఆటలు ఎరుగని తల్లిదండ్రుల కొరకు కొంచెము వివరిస్తాను. ఫుట్‌బాలు గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. హాకీ గోల్ దానిలో సగము వెడల్పు, 3.66 మీటర్లు. ఎత్తు 2.14 మీటర్లు. గోల్ చిన్నదైనను హాకీ బంతి గట్టిది, సుమారు 160 గ్రాముల బరువు ఉండి రాయి వలె వస్తుంది. అందుకే హాకీ గోల్‌కీపరు కాళ్ళకు లావుపాటి ప్యాడ్లు, తలకు హెల్మెట్, రొమ్ముకు కవచము కట్టుకొని నిలబడుతుంది.

రెండు ఆటలలోను జట్టుకు పదకొండుమంది. పదిమంది పరుగెత్తుతారు, ఒక్కరు కాపలా ఉంటారు. పరుగెత్తేవారు అలసిపోతే మార్చవచ్చు. ఫుట్‌బాలులో ఇప్పుడు ఒక మ్యాచ్‌లో ఐదుగురి వరకు మార్చే వీలున్నది. హాకీలో ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. కాబట్టి పరుగెత్తే ఆటగాళ్ళలో పదిహేనవవారికి కూడ కొన్ని నిమిషాలైనా ఆట దొరుకుతుంది. కాపలాదారుని మాత్రము గాయము తగిలితేనో, పెద్ద అవసరము వస్తేనో తప్ప సాధారణముగా మార్చరు. రెండవ గోల్‌కీపరుకు దొరికేది పూర్తి మ్యాచ్, లేకపోతే ఏమీ లేదు.

ఒలింపిక్స్‌లో ఇది మరీ కఠినము. 2016లో రియో ఒలింపిక్స్‌కు ఒక్కొక్క హాకీ జట్టుకు పదహారుమందినే అనుమతించారు. భారత మహిళలు 36 సంవత్సరముల తరువాత, అంటే 1980 మాస్కో తరువాత, మొదటిసారి ఒలింపిక్స్‌లో అడుగు పెట్టిన సందర్భమది. ఆ పదహారుమందిలో గోల్‌కీపరు సవిత ఒక్కరే. రజని పేరు అదనపు ఆటగాళ్ళలో ఉన్నది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కు కూడ ఆమెది అదే స్థానము. ఆగస్టు 2న మన అమ్మాయిలు బలమైన ఆస్ట్రేలియాను ఒక్క గోల్‌తో ఓడించి సెమీ ఫైనల్‌కు చేరినప్పుడు, చివరకు నాలుగవ స్థానములో నిలిచినప్పుడు దేశమంతా సంతోషించింది. రెండు ఒలింపిక్స్‌ల దగ్గరకు వెళ్ళిన రజనికి ఆ మైదానములో గోల్ ముందు నిలబడే ఒక్క నిమిషము దొరకలేదు.

తరువాత చిన్నవారు వచ్చారు. మణిపూర్‌కు చెందిన బిచ్చూ దేవి 2022 ప్రపంచ కప్పుకు, 2023లో జరిగిన హాంగ్జౌ ఆసియా క్రీడలకు రెండవ గోల్‌కీపరుగా వెళ్ళారు. బెంచీమీది చోటు కూడ శాశ్వతము కాదని రజనికి అప్పుడు తెలిసింది.

ఆమె మానుకోలేదు. 2024 జనవరి 19న రాంచీలో పెద్ద జట్టు జపాను చేతిలో ఒక్క గోల్‌తో ఓడి పారిస్ ఒలింపిక్స్ అవకాశము పోగొట్టుకున్నది. దేశము ఆ దుఃఖములో ఉండగానే, ఐదు రోజుల తరువాత మస్కట్‌లో మరొక పోటీ మొదలైనది. జట్టుకు ఐదుగురితో చిన్న మైదానములో ఆడే హాకీ ఫైవ్స్ ప్రపంచ కప్పు అది. మామూలు హాకీలో అర్ధవలయము లోపలి నుండి కొడితేనే గోల్. ఇక్కడ ఆ కట్టడి లేదు గనుక గోల్‌కీపరుకు ఊపిరి తీసుకొనే సమయము ఉండదు. ఆ భారత జట్టుకు కెప్టెను మన రజని. వయస్సు 33. వారు న్యూజీలాండును 11-1తో, దక్షిణాఫ్రికాను 6-3తో ఓడించి ఫైనల్ చేరారు. జనవరి 27న ఫైనల్‌లో నెదర్లాండ్స్ చేతిలో 7-2తో ఓడినను వెండి పతకముతో తిరిగి వచ్చారు. ఇన్ని సంవత్సరములు వెనుక నిలబడిన మనిషి జట్టుకు ముందు నడిచినది.

జర్మనీ దేశపు నదీనె

ఇటువంటి చరిత్ర ఫుట్‌బాలులో ఇంకా ప్రసిద్ధమైనది ఒకటి ఉన్నది. జర్మనీ మహిళల జట్టు గోల్‌కీపరు నదీనె ఆంగెరర్ 1978లో పుట్టారు. 1996లో, పదిహేడేండ్ల వయస్సులో, దేశము తరఫున మొదటి మ్యాచ్ ఆడారు. అయితే ఆమెకు ముందు సిల్కె రొట్టెన్‌బర్గ్ అనే గొప్ప గోల్‌కీపరు ఉన్నారు. 2003లో జర్మనీ ప్రపంచ కప్పు గెలిచినప్పుడు కూడ నదీనె జట్టులో ఉండి, ఆట చూస్తూ కూర్చున్నారు. ఇట్లు దాదాపు పదకొండు సంవత్సరములు గడిచినవి.

2007లో రొట్టెన్‌బర్గ్‌కు గాయమైనది. చైనాలో జరిగే ప్రపంచ కప్పుకు నదీనెను గోల్ ముందు నిలబెట్టారు. అప్పటికి ఆమెకు 28 సంవత్సరములు. ఏమి జరిగిందో చూడండి. ఆరు మ్యాచ్‌లు, 540 నిమిషములు, ఒక్క గోల్ కూడ ఆమెను దాటలేదు. సెప్టెంబరు 30న షాంఘైలో బ్రెజిల్‌తో ఫైనల్‌లో, లోకములోనే మేటి అని పేరు పొందిన మార్తా కొట్టిన పెనాల్టీని ఆపారు. జర్మనీ 2-0తో గెలిచింది. 2013లో యూరప్ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో నార్వే కొట్టిన రెండు పెనాల్టీలను ఆపారు. ఆ సంవత్సరము ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి బహుమానము ఆమెకే ఇచ్చారు. పురుషులలో గాని స్త్రీలలో గాని ఆ బహుమానము పొందిన మొదటి గోల్‌కీపరు ఆమె. 146 మ్యాచ్‌లు ఆడి 2015లో విరమించారు.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆ 540 నిమిషములలో ఆమె చూపిన నేర్పు ఎప్పుడు వచ్చింది? గాయమైన వార్త విన్న రోజున రాలేదు. ఎవరూ చూడని పదకొండు సంవత్సరములలో వచ్చింది. బెంచీమీది గోల్‌కీపరు ఊరకే కూర్చోదు. ప్రతి ఉదయము మొదటి గోల్‌కీపరుతో సమానముగా దూకుతుంది, పడుతుంది, లేస్తుంది. ఎదుటి జట్టులో ఎవరు ఏ మూలకు కొడతారో నేర్చుకుంటుంది. అభ్యాసములో మొదటి గోల్‌కీపరుకు సహాయము చేసేది కూడ ఆమెయే. అంటే తనకు రావలసిన చోటులో ఉన్న మనిషిని మెరుగుపరచడము ఆమె పనిలో ఒక భాగము. ఇది ఎంత పెద్ద మనస్సు కోరే పనియో తోడికోడళ్ళు కలిసి ఉన్న ఇండ్లవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

వెనుకనున్నవారు లేకపోతే ఏమవుతుందో మన దేశము చూచింది. 2022 జనవరిలో మహిళల ఆసియా కప్పు ఫుట్‌బాలు మన దేశములోనే జరిగింది. 20వ తేదీన ఇరానుతో మొదటి మ్యాచ్ సమానముగా ముగిసింది. తరువాత కరోనా జట్టులో ప్రవేశించింది. 23వ తేదీన చైనీస్ తైపీతో ఆడడానికి, జాబితాలో చూపవలసిన పదమూడుమంది కూడ లేకపోయారు. మ్యాచ్ జరుగలేదు, భారత జట్టు పోటీనుండే తప్పుకోవలసి వచ్చింది. ఎందరో గోల్ కొట్టగలవారు ఉన్నను, నిలబడడానికి మనుష్యుల లెక్క చాలక మన దేశములో జరిగిన పండుగలో మనమే లేకపోయాము. ఆ జట్టు గోల్‌కీపరు అదితి చౌహాన్ పదిహేడు సంవత్సరముల ఆట తరువాత 2025 జూలైలో విరమించారు. ఇంగ్లండు దేశపు లీగులో ఆడిన మొదటి భారత మహిళ ఆమె.

వేట లేని రోజులు

మన కృష్ణపట్నము తీరమువారికి ఈ సంగతి సులభముగా అర్థమవుతుంది. ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరమంతటా మరపడవలు సముద్రములోనికి పోవు. చేపలు గ్రుడ్లు పెట్టే కాలము గనుక వేట నిషేధము. ఆ రోజులలో ఒడ్డుకు వచ్చి చూడండి. వలలు పరచుకొని చిరిగిన చోట అల్లుతుంటారు. ఇంజన్లు విప్పి బాగుచేస్తుంటారు. పడవ అడుగున అతుకులు వేస్తుంటారు. సముద్రము తెలిసినవారెవరూ వారిని చూచి "పని లేక కూర్చున్నారు" అని అనరు. జూన్ 15 తెల్లవారుజామున పడవ ఎంత దూరము పోగలదో ఈ 61 రోజులలోనే నిర్ణయమవుతుంది.

ఇంకొక సంగతి కూడ ఉన్నది. ఆ రోజులలో కుటుంబము తినాలి గదా! అందుకే నిషేధ కాలములో మత్స్యకార కుటుంబమునకు ప్రభుత్వము భృతి ఇస్తుంది. 2019లో అది 10,000 రూపాయలు, 2025లో 20,000 రూపాయలు. అది చాలునా చాలదా అనేది వేరే మాట. ఎదురుచూచే రోజులకు కూడ అన్నము కావాలని ఒప్పుకోవడము మాత్రము మంచి మాట.

క్రీడాకారిణులకు ఈ అన్నము ఎల్లప్పుడును దొరకలేదు. సవిత వంటి గొప్ప గోల్‌కీపరే ఎన్నో సంవత్సరములు దేశము కొరకు ఆడుతూ ఉద్యోగము లేక ఇంటిమీద ఆధారపడ్డారు. రజనికి రైల్వే ఉద్యోగము ఆసరా అయినది. టోక్యో తరువాత 2021 ఆగస్టులో మన రాష్ట్ర ప్రభుత్వము ఆమెకు 25 లక్షల రూపాయలు, తిరుపతిలో వెయ్యి గజముల ఇంటిస్థలము, ఇంటిలో ఒకరికి ఉద్యోగము ప్రకటించింది. సంతోషము. అయితే బహుమానము చివర వస్తుంది, ఆకలి మధ్యలో వస్తుంది. ఒక వడ్రంగి ఇల్లు తన కూతురిని ఆ మధ్య సంవత్సరములలో నిలబెట్టింది. ఆ ఇంటివారి మెడలో ఎవరూ పతకము వేయలేదు.

మన ఇండ్ల సంగతి

ప్రియులారా, ఇప్పుడు మన ఇండ్లకు వద్దాము.

2018 తరువాత మన రాష్ట్రములో మరలా పెద్ద డి.ఎస్.సి. 2025లో గాని జరుగలేదు. ఆ ఏడు సంవత్సరములు బి.ఎడ్. పుస్తకములు మూయకుండా చదివిన అమ్మాయిలు మన పల్లెలలో ఎందరు! వారిలో కొందరికి ఉద్యోగము వచ్చింది, చాలామందికి రాలేదు. నర్సింగు ముగించి పిలుపు కొరకు చూచేవారు ఉన్నారు. అక్క కాపురము నిలబడేవరకు తన పెండ్లి మాట ఎత్తని చెల్లెలు ఉన్నది. మంచమెక్కిన అత్తగారికి సేవ చేస్తూ తన కుట్టుమిషను మూలన పెట్టిన కోడలు ఉన్నది. వీరినందరిని మనము ఒకే మాటతో కొట్టుచున్నాము: "ఇన్నేండ్లు వృథా చేశావు."

ఆ మాట మానుకోవాలి. మూడు సంగతులు మనవి చేస్తాను.

మొదటిది, సిద్ధముగా ఉండడము కూడ పనియే. లోడు ఎత్తుకొని పోర్టునుండి బయలుదేరే ఏ లారీ డ్రైవరైనను స్టెప్నీ టైరు చూచుకోకుండా కదలడు. ఆ టైరు నెల్లూరు దాటేవరకు రోడ్డు తాకకపోవచ్చు. అందుచేత అది దండుగ అని దానిని ఇంటిదగ్గర విడిచిపోయినవాడు తెలివిగలవాడా? అయితే గాలి లేని స్టెప్నీ బరువే గాని ఆదరువు కాదు. కాబట్టి ఎదురుచూచే అమ్మాయీ, నీవును నీ అభ్యాసము విడువవద్దు. పిలుపు ఎప్పుడు వస్తుందో నీ చేతిలో లేదు. వచ్చిన రోజున నీవు ఎట్లు ఉంటావో చాలావరకు నీ చేతిలో ఉన్నది.

రెండవది, ఎదురుచూచేవారి అన్నము, ఫీజు, బస్సు చార్జి, కోచింగు పుస్తకము ఇంటివారి బాధ్యత. కొడుకు ఖాళీగా ఉంటే "ప్రయత్నము చేస్తున్నాడు" అంటాము. కూతురు ఖాళీగా ఉంటే "పెండ్లి చేసేద్దాము" అంటాము. ఇది సరికాదు. పదవ తరగతి కాగానే ఆట మానిపించి, బూట్లు ఎవరికో ఇచ్చివేసిన తల్లిదండ్రులు ఒక్కసారి ఆలోచించండి. యనమలవారిపల్లెలో ఆ ఇంటివారు కూడ అట్లే చేసియుంటే, మస్కట్‌లో భారత జట్టుకు ముందు నడిచేవారెవరు?

మూడవది, ఓపికను పొగిడే మనము ఒక జాగ్రత్త పడాలి. గోల్ ముందు ఒక్కరికే చోటు ఉన్నది గనుక ఒకరు ఆగడము న్యాయమే. సవిత మేటి గనుక ముందు నిలబడ్డారు, అందులో అన్యాయము లేదు. కాని చోటు ఉండి కూడ ఆడపిల్ల అనియో, పేదవాని బిడ్డ అనియో, సిఫారసు లేదనియో వెనుకకు నెట్టిన చోట "ఓపిక పట్టు తల్లీ" అని బుజ్జగించడము న్యాయము కాదు. అక్కడ పెద్దలు ఆమె పక్షమున లేచి మాట్లాడాలి. వంతు రాక ఆగిన మనిషికి ధైర్యము చెప్పాలి. వంతు లాగుకోబడిన మనిషికి తోడు నిలబడాలి. ఈ రెంటికి భేదము తెలుసుకోవడము ఇంటి పెద్దల పని, సంఘ పెద్దల పని కూడ.

చివరగా ఒక మాట. నదీనెకు పదకొండేండ్ల తరువాత ప్రపంచ కప్పు దొరికింది. రజనికి ఒలింపిక్స్ మైదానము దొరకలేదు, వేరొక చోట కెప్టెన్సీ దొరికింది. అందరికీ ఒకటే ముగింపు ఉండదు. ఎదురుచూచినవారందరికీ ఫలము దొరుకుతుందని నేను మీతో చెప్పను, అది నిజము కాదు. అయినను వెనుక ఒక మనిషి సిద్ధముగా ఉన్నదనే ధైర్యముతోనే ముందున్న మనిషి భయము లేకుండా దూకుతుంది. జట్టు గెలిచిన రోజున ఆ ధైర్యము కూడ గెలుపులో భాగమే.

ఈ నెలలో మీ ఇంటిలో అట్లు ఎదురుచూస్తున్న వ్యక్తిని పిలిచి ప్రక్కన కూర్చోబెట్టుకొనండి. "ఎంతవరకు వచ్చింది?" అని అడగకండి. ఆ ప్రశ్న ఊరిలో అందరూ అడుగుచున్నారు. "నీకు ఏమి కావాలి?" అని అడగండి.